ఫొటో తీసినాయన ఆ రాత్రి నిద్రపోయాడా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్ మా ఇంటికి ఇరవై ఏళ్ళ పైనుంచి వస్తోంది, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మొన్న 2025 ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం అని తిరుపతిలో మా ఫొటోగ్రాఫర్లంతా, ఫొటోగ్రఫీకి ఆద్యుడు అనే డాగురే పటానికి దండ వేసి, కేకు కోసి, బ్యానర్ పట్టుకుని ర్యాలీ తీశారు. ఆ ఫొటో మీరు జిల్లా పేజీలో వేశారు. అందులో వెనక వరుసలో చివర, సగం ముఖమే కనిపించే ఆయన మా ఆయన, ప్రెస్ ఫొటోగ్రాఫర్. ఫొటోగ్రాఫర్ల ఫొటోల్లో ఆయన ఎప్పుడూ అట్లాగే ఉంటాడు.

సరిగ్గా ఆరు రోజులకి, 25వ తేదీన, గాజాలో ఖాన్ యూనిస్‌లోని నాసర్ ఆస్పత్రి మీద దాడి జరిగింది. ఆస్పత్రి పై నుంచి రాయిటర్స్ కోసం లైవ్ ఇస్తున్న కెమెరామన్ హుసామ్ అల్ మస్రీ మొదటి దెబ్బకే చనిపోయాడు. కాపాడటానికీ, చూడటానికీ, ఫొటో తీయడానికీ పరిగెత్తినవాళ్ళు అక్కడి మెట్ల మీద ఉండగా రెండోది పడింది. అసోసియేటెడ్ ప్రెస్‌కి పనిచేసే మరియం దగ్గా ఆ రోజే పోయింది. ముప్పై మూడేళ్ళ మనిషి, ఒక కొడుకు ఉన్నాడు. ఆ ఒక్క రోజు ఆ ఒక్క ఆస్పత్రిలో ఐదుగురు జర్నలిస్టులు పోయారు. మా ఆయన ఆ వార్త రెండుసార్లు చదివి, పేపర్ మడిచి పక్కన పెట్టి, "ఎప్పుడూ రెండోదే మావాళ్ళని తీసుకుపోయేది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కాఫీ ఇచ్చి కూర్చుంటే అప్పుడు చెప్పాడు. 2000 ఆగస్టు 10న శ్రీనగర్‌లో ముందు ఒక గ్రెనేడ్ పేలిందంట, పోలీసులు, ప్రెస్‌వాళ్ళు అక్కడికి చేరాక కారులో పెట్టిన బాంబు పేలింది, హిందుస్తాన్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ ప్రదీప్ భాటియా దానికి బలయ్యాడు. 2018 ఏప్రిల్ 30న కాబూల్‌లోనూ అదే కథ. మొదటి పేలుడు తర్వాత విలేకరులంతా ఒకచోట చేరితే, రెండోవాడు వాళ్ళలో ఒకడిలాగా వచ్చి కలిసిపోయి పేల్చుకున్నాడు. ఏఎఫ్‌పీ ఫొటోగ్రాఫర్ షా మరాయితో కలిపి తొమ్మిది మంది జర్నలిస్టులు పోయారు. ఈ పేర్లూ తేదీలూ ఆయనకి మన పిల్లల పుట్టినరోజుల మాదిరి గుర్తు, నేను అది ఇన్నాళ్ళూ గమనించలేదు.

వార్త రాసేవాళ్ళు నలుగురికి ఫోన్ చేసి, అడిగి, రాయగలరు. తప్పని అనడం లేదు, అది వాళ్ళ పని. ఫొటోకి అట్లా కుదరదు కదా. మనిషి అక్కడ ఉండాల్సిందే, దగ్గరగా ఉండాల్సిందే, అదీ మిగతావాళ్ళంతా దూరంగా పోతున్నప్పుడు. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకి పట్టువస్త్రాలు ఇవ్వడానికి అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కొండకి పోతుంటే అలిపిరి దగ్గర మందుపాతరలు పేలినాయి, మీకు గుర్తుండే ఉంటుంది. మాకప్పుడు పెళ్ళయి ఎనిమిది నెలలు. ఈయన స్కూటర్ వేసుకుని పోయినోడు రాత్రి పన్నెండు దాటాక వచ్చాడు. సెల్‌ఫోన్ లేదు. మా అత్త గడప మీదే కూర్చుంది, నేను లోపలికీ బయటికీ తిరిగాను. వచ్చాక అడిగాను, అక్కడ ఇంకోటి ఉంటుందేమో అని అనిపించలేదా అని. "వెలుతురు పోతాందే అని తప్ప ఇంకేం అనుకోలా" అన్నాడు. ఆ మాటకి ఆ రోజు కోపం వచ్చింది నాకు. ఇప్పుడు కోపం లేదు, భయం మాత్రం అప్పటికంటే ఎక్కువైంది.

మన ఊరు యుద్ధభూమి కాదు, తెలుసు. గాజాతోనో అఫ్ఘనిస్తాన్‌తోనో పోల్చడం లేదు, అక్కడివాళ్ళు పడేదాంట్లో ఇది వెయ్యో వంతు. ఆ వెయ్యో వంతే ఒక ఇంటిని ఏం చేస్తుందో నేను చూశాను కాబట్టి, మొత్తం పడేవాళ్ళ ఇళ్ళల్లో ఎట్లా ఉంటుందో అని రాస్తున్నాను.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో చంద్రగిరి వైపు జరిగిన ఎన్‌కౌంటర్లో తమిళనాడు నుంచి వచ్చిన ఎర్రచందనం కూలీలు 20 మంది చనిపోయారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది పెద్ద వాదన, నా ఉత్తరం దాని గురించి కాదు. అందరితో పాటు ఈయన కూడా ఆ ఎండలో అడవిలోకి నడిచి పోయాడు. అప్పుడు ఆయన వేరే పేపర్‌కి పంపేవాడు, పేరు రాయను. సాయంత్రం ఫొటోలు పంపించాక డెస్క్ నుంచి వచ్చిన ఫోన్ నేను పక్కనే ఉండి విన్నాను. ముఖాలు దగ్గరగా ఉన్నవి ఇంకా ఏమైనా ఉన్నాయా అని అడిగారు. తిన్నావా అని అడగలేదు. వాళ్ళని తిట్టడానికి రాయడం లేదు ఇది, ఆ టైమ్‌లో పేజీ పోవాలి, వాళ్ళ టెన్షన్ వాళ్ళది. అయినా అడగలేదు.

మాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్ళి ఆల్బమ్‌ల డిజైన్ నేనే చేస్తాను, కంప్యూటర్ పని నాది, తీసే పని ఆయనది. అడవికి పోయొచ్చిన రెండు రోజులకి ఒక కెమెరా మెమరీ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు, పుత్తూరులో తీసిన చెవులు కుట్టే ఫంక్షన్ ఉంది చూడు, పార్టీ తొందర పెడుతున్నారు అని. చూసుకుంటూ పోతున్నాను. మేనమామ ఒళ్ళో పాప, పట్టు పావడా, ఏడ్చి ఏడ్చి కారిన కాటుక, పక్కన నవ్వే అవ్వ. ఒక ఫొటో, ఇంకో ఫొటో. దాని తర్వాత ఒక కాలు. చెప్పు లేని కాలు, పగిలిన మడమ, పక్కన ఎర్రచందనం దుంగ. నేను నాలుగు ఫొటోలు చూసి మానిటర్ ఆపేశాను. ఆయన ఆ రోజు రెండు వందలు తీశాడు. ప్రతిదానికీ ఒక కన్ను మూసి, ఇంకో కన్నుతో సరిగ్గా చూసి, ఫోకస్ కలిపి మరీ తీశాడు. మనం అట్లాంటివి చూడాల్సి వస్తే ముఖం తిప్పుకుంటాం. ఆయన పని తిప్పుకోకపోవడం.

పెళ్ళయినప్పటి నుంచి నెలకి ఒక శనివారం శ్రీవారి మెట్టు మీదుగా కొండకి నడిచి పోయేవాళ్ళం. ఆ ఏప్రిల్ తర్వాత ఆయన ఆ దారికి రాలేదు. అలిపిరి నుంచి పోదాం అంటాడు. ఎందుకంటే మోకాళ్ళ నొప్పి అంటాడు. అలిపిరి దారిలో మెట్లు 3550, శ్రీవారి మెట్టులో 2388. మోకాళ్ళ నొప్పి ఉన్నవాడు ఏ దారిలో పోతాడండీ? నాకు రెండేళ్ళు పట్టింది ఆ చెట్లూ ఆ బండలూ ఆయనకి చూడబుద్ధి కావడం లేదని అర్థం కావడానికి. రాత్రి రెండు గంటలకి లేచి లైట్ వేసుకుని లెన్స్ తుడుస్తూ కూర్చునేవాడు. దీపావళికి పక్క ఇంట్లో లక్ష్మీ బాంబు పేలితే చేతిలో కంచం జారిపోయింది. చిన్నదానికి పిల్ల మీద అరిచి, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేవాడు. మందు అలవాటు లేని మనిషికి అది కూడా కొన్నాళ్ళు అలవాటయింది, దాచి ఏం లాభం. చుట్టాలేమో "ఏమప్పా, యుద్ధానికి పోయొచ్చినట్టు చేస్తావే" అన్నారు. చివరికి మా తమ్ముడు బలవంతంగా డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే, లోపలికి పోయేదాకా "నాకేమన్నా పిచ్చా" అని ఒకటే గొడవ.

పిచ్చి కాదు, దానికి పేరుంది, మందుంది అని ఆ డాక్టర్ చెప్పాడు. మా అమ్మాయి మహిళా యూనివర్సిటీలో చదువుతోంది, తనే వెతికి ఒక పరిశోధన చూపించింది. టొరంటోలో ఆంటొనీ ఫైన్‌స్టీన్ అనే సైకియాట్రిస్ట్, ఆయన తోటివాళ్ళు కలిసి 140 మంది యుద్ధ జర్నలిస్టుల్ని పరిశీలించి 2002లో రాశారు. వాళ్ళలో వందకి 28 మందికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ అనే ఈ జబ్బు, అంటే ఘోరాలు చూశాక మనసుని పట్టుకుని వదలని జబ్బు, పడ్డవాళ్ళే. డిప్రెషన్, తాగుడు కూడా మిగతా జర్నలిస్టుల కంటే వీళ్ళలో ఎక్కువే. మరి వైద్యానికి ఎక్కువగా పోయారా అంటే, అదీ లేదంట. ఇంగ్లీషు దేశాల్లో, పెద్ద పెద్ద సంస్థల్లో పనిచేసేవాళ్ళే అడగడానికి సిగ్గుపడితే, ఫొటోకి ఇంత అని లెక్క కట్టి ఇచ్చే మన కంట్రిబ్యూటర్లు ఎవరిని అడుగుతారు?

కెవిన్ కార్టర్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్. 1993లో సూడాన్ కరువులో, నేల మీద ఒరిగిపోయిన బిడ్డనీ వెనకే కాచుకుని ఉన్న రాబందునీ తీసిన ఫొటో ఆయనది. 1994 ఏప్రిల్‌లో దానికి పులిట్జర్ వచ్చింది, జర్నలిజంలో పెద్ద బహుమతి అది. వచ్చిన వారం తిరక్కుండానే, ఏప్రిల్ 18న, ఆయన దగ్గరి స్నేహితుడు కెన్ ఊస్టర్‌బ్రూక్ థొకోజాలో తూటా తగిలి పోయాడు, ఇంకో స్నేహితుడు గ్రెగ్ మారినోవిచ్‌కి గాయాలు. జూలై 27న కార్టర్ తన ప్రాణం తానే తీసుకున్నాడు, వయసు 33. ఆయన కథ చెప్పేవాళ్ళంతా బిడ్డని ఎత్తుకోలేదే అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు, మన స్కూళ్ళలో కూడా దాన్నొక నీతికథలాగా చెబుతున్నారు. ఆయన రాసిపెట్టిన చీటీలో చూసిన చావులూ శవాలూ వదలడం లేదని ఉంది. దాంతో పాటు ఫోన్ లేదని, అద్దెకి డబ్బుల్లేవని, తన సొంత బిడ్డకి పంపాల్సిన డబ్బుల్లేవని, అప్పులున్నాయని కూడా ఉంది. రాబందు సంగతి అందరూ చెబుతారు, అద్దె సంగతి ఎవరూ చెప్పరు. నెల చివర స్టూడియో అద్దె కట్టే మనిషిని కాబట్టి నాకు అదే ముందు కనబడింది. ఫొటోలోని ఆ బిడ్డ ఆ రోజు చనిపోలేదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అది వినడానికి ఆయన లేడు.

ఎత్తుకోవాలా తీయాలా అనే ప్రశ్న మా ఇంట్లో కూడా వచ్చింది. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు కదా. మా ఆయన అక్కడే ఉన్నాడు. రెండు ఫొటోలు తీశాడో లేదో, ఒకాయన వచ్చి కాలర్ పట్టుకున్నాడు, మీ అమ్మ పడి ఉంటే ఇట్లాగే తీస్తావా అని. ఆయన తల్లికి ఏమైందో పాపం, ఆయన్ని ఏమనగలం. ఈయన కెమెరా వీపుకి తగిలించుకుని, ఊపిరాడని ఒక పెద్దావిడని ఇంకో ఇద్దరితో కలిసి అంబులెన్స్ దాకా మోసుకుపోయాడు. తిరిగి వచ్చేసరికి తీయడానికి ఏమీ లేదు. పదకొండు గంటలకి ఫోన్, వేరేవాళ్ళ దగ్గర ఫొటోలున్నాయి, నువ్వెక్కడ చచ్చావు అని. తీస్తే ఒకరు కాలర్ పట్టుకుంటారు, తీయకపోతే ఒకరు ఫోన్ చేస్తారు. ఆ రాత్రి వచ్చి చొక్కా విప్పితే పై గుండీ లేదు. కుట్టిస్తాను ఇవ్వమంటే ఇవ్వలేదు, ఆ చొక్కా ఇప్పటికీ బీరువాలో అట్లాగే ఉంది.

మరి మానేయొచ్చు కదా, స్టూడియో ఉంది కదా అని మీకు అనిపించొచ్చు. నేనూ వందసార్లు అన్నాను. 2021లో కోవిడ్ రెండో వేవ్ అప్పుడు ఢిల్లీలో వరసగా కాలుతున్న చితుల్ని పై నుంచి తీసిన ఫొటో చూశారు కదా, డానిష్ సిద్దిఖీది. ఆ ఫొటో చూసేదాకా ఎంతమంది పోతున్నారో మన కళ్ళకి కట్టలేదు, అంకెలు చదివి వదిలేశాం. అదే ఏడాది జూలై 16న అఫ్ఘనిస్తాన్‌లో స్పిన్ బోల్దక్ దగ్గర ఆయన చనిపోయాడు. మూడు రోజుల ముందే ఆయన ఎక్కిన సైనిక వాహనం మీద రాకెట్లు పడ్డాయి, తప్పించుకున్నాడు. చనిపోయిన రోజు కూడా ముందు చేతికి ముక్క తగిలి గాయమైతే కట్టు కట్టించుకుని మళ్ళీ పనిలోనే ఉన్నాడు. 38 ఏళ్ళు. రోహింగ్యాల ఫొటోలకి 2018లో రాయిటర్స్ బృందంతో కలిసి పులిట్జర్ అందుకున్నాడు, కోవిడ్ ఫొటోలకి 2022లో మళ్ళీ వస్తే తీసుకోవడానికి మనిషి లేడు. డానిష్ పోయిన రోజు మా ఆయన స్టూడియో షట్టర్ మధ్యాహ్నమే దించేసి వచ్చాడు. "ఆయన తీయకపోతే మనకి తెలిసేదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, అందుకే మానేయమనడం మానేశాను.

అఫ్ఘనిస్తాన్ దాకా ఎందుకు, దంతెవాడ మనకి ఎంత దూరం? 2018 అక్టోబరు 30న ఎన్నికల కవరేజీకి పోయిన దూరదర్శన్ కెమెరామన్ అచ్యుతానంద సాహు అక్కడ మావోయిస్టుల కాల్పుల్లో చనిపోయాడు, పోలీసులు కూడా పోయారు. ఆ బృందంలో లైటింగ్ పని చేసే మోర్ ముకుట్ శర్మ అనే అబ్బాయి నేల మీద పడుకుని, తూటాల చప్పుడు వినబడుతుండగా, ఫోన్‌లో వాళ్ళమ్మకి వీడియో రికార్డ్ చేసుకున్నాడు, బతుకుతానో లేదో, అమ్మా నువ్వంటే నాకు చాలా ఇష్టం అని. బతికాడు, దేవుడి దయ. ఆ వీడియో అప్పట్లో అందరి ఫోన్లలో తిరిగింది, ఒక రోజు. ఆ అబ్బాయి ఆ తర్వాత ఎట్లా నిద్రపోయాడో ఎవరూ వార్త రాయలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఫొటో కింద తీసినవాళ్ళ పేరు వేయండి. ఊరి ఫొటోకీ, విదేశాల ఫొటోకీ. ఏజెన్సీ పేరు ఒక్కటే వేస్తే ఆ ఫొటో మిషన్ తీసినట్టు ఉంటుంది. 2024లో వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చిన ఫొటో చూడండి, తెల్లగుడ్డ చుట్టిన అయిదేళ్ళ మేనకోడల్ని ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్న ఆడమనిషి. తీసింది మొహమ్మద్ సలేం. కొద్ది రోజుల ముందే ఆయన భార్యకి కాన్పయింది. తీసిన చోటు ఏది అనుకున్నారు? ఇదే నాసర్ ఆస్పత్రి. ఇంట్లో పసిబిడ్డ ఉన్న తండ్రి ఆ ఫొటో తీసి ఇంటికి పోయి బిడ్డని ఎట్లా ఎత్తుకున్నాడో అని నేను ఆలోచించాను, ఆయన పేరు తెలిసింది కాబట్టే ఆలోచించాను.

ఇన్సూరెన్స్ సంగతి మీకు తెలియంది కాదు. అక్రెడిటేషన్ కార్డు ఉన్నవాళ్ళకి ఏదో కొంత, కార్డు లేనివాళ్ళకి అదీ లేదు. కెమెరా సొంతం, పెట్రోల్ సొంతం, దెబ్బ తగిలితే ఆస్పత్రి బిల్లు కూడా సొంతమే. గొడవలున్న చోటికి పంపేటప్పుడు రక్తం కారితే ఎట్లా కట్టు కట్టాలో, మొదటి పేలుడు తర్వాత ఎంతసేపు ఆగాలో, ఎక్కడ నిలబడకూడదో ఒక్క రోజు కూర్చోబెట్టి నేర్పించడానికి ఎంత ఖర్చవుతుంది? అట్లాంటి చోటు నుంచి వచ్చినవాడిని మరుసటి రోజు మంత్రిగారి ప్రారంభోత్సవానికి పంపకుండా ఒక రోజు వదిలేయండి. డెస్క్‌లో ఎవరో ఒకరు, పేజీ పోయాక అయినా సరే, ఫోన్ చేసి ఎట్లా ఉన్నావని అడగండి. మనసు బాగా లేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబర్ 14416, తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బులు పడవు. దాన్ని మీ ఆఫీసు గోడ మీద ఒకటి, ప్రెస్ క్లబ్‌లో ఒకటి అతికించండి. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. ఆయన ఒకసారి చేశాడు, ఏం మాట్లాడాడో నేను అడగలేదు.

ఇప్పుడు మందులు ఆపేసి నాలుగేళ్ళయింది. పనికి పోతున్నాడు. శ్రీవారి మెట్టుకి మాత్రం ఇంకా రాలేదు.

ఈ ఉత్తరం ఆయనకి చూపించలేదు. ఫొటో కింద పేరు వేయమని అడుగుతున్న నేనే నా పేరు వేయొద్దని అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. రేపు ఆయనకి పని చెప్పేవాళ్ళు, వీడికి ఒంట్లో బాగాలేదంట అనుకుంటే ఆ పని కూడా పోతుంది. మీరు వేస్తే పొద్దున పేపర్లోనే చూస్తాడు. చెవులు కుట్టే ఫంక్షన్ దగ్గరికి రాగానే ఎవరు రాశారో ఆయనకి తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక ప్రెస్ ఫొటోగ్రాఫర్ భార్య,
కొర్లగుంట, తిరుపతి.